బురదలో నేర్చిన నడక

చాటలో ఇనుము కదిలే చప్పుడు.

ఎండిన కందుల మీద వాన పడ్డట్టు... ఆగి, మళ్ళీ పడ్డట్టు.

చాట లచ్చవ్వది. ఇనుము శ్రీలతది.

పొద్దున చాయ్ దగ్గర మొదలైన పేచీ. అన్నాల వేళ దాటినా తెగలేదు. నడుమ అత్తా కోడళ్ళిద్దరూ ఒకే పొయ్యి దగ్గర వండారు. ఒకే గిన్నెలోంచి వడ్డించుకున్నారు. ఒకరి కంచంలో ఒకరు పచ్చిపులుసు పోసుకున్నారు. మాటలు మాత్రం తిరిగి తిరిగి చాట దగ్గరికే వచ్చాయి.

రేపు స్టేషన్ రోడ్డు మీద వంటావార్పు. కేసముద్రం ఊరు ఊరంతా రోడ్డు మీదే వండుకుని, రోడ్డు మీదే తిని, ఏ బండినీ కదలనివ్వకుండా కూర్చోవాలి. తెలంగాణ ఇస్తామన్న మాట ఏమైందని అడగాలి. ప్రతి వాడకట్టు నుంచీ బియ్యం పోవాలి. ఈ గల్లీ బియ్యం చెరిగే పని లచ్చవ్వ తన మీద వేసుకుంది. ఎవరూ అడగలేదు. అడగక ముందే వేసుకుంది.

ఇప్పుడు బియ్యం సంచి గోడకు ఆనుకుని కూర్చుంది.

చాట కోడలి ఒళ్ళో ఉంది. చాట నిండా నట్లు, బోల్టులు, పళ్ళ చక్రాలు.

పళ్ళెంలో పోసుకోరాదా అని అత్త. పళ్ళెంలో పోస్తే దొర్లిపోతాయని కోడలు. చాటయితే వెదురు అల్లికలో ఎక్కడిది అక్కడ ఉంటుంది. కాస్త ఎగరేస్తే చిన్నవి ఒక పక్కకు, పెద్దవి ఒక పక్కకు చేరతాయి. చెరగడం నేర్పింది నువ్వే కదా అత్తమ్మా అని నవ్వబోయింది.

లచ్చవ్వ నవ్వలేదు.

నిన్న అన్నంలో ఆమె పంటి కింద ఒక నట్టు పడింది. దాన్ని ఆమె పారేయలేదు. కడిగి, గూట్లో దేవుడి పటం ముందు పెట్టింది. సాక్ష్యం అది.

"రేపు ఊరంత తింటది బిడ్డా," అంది ఇప్పుడు, గూటి వైపు గదువ ఎగరేసి. "ఎవని పంటి కిందనన్న గసొంటిది పడితే — తెలంగాణ ఎప్పుడొస్తదో గని, లచ్చవ్వ పేరు మాత్రం రేపే పోతది."

మంచం మీద పడుకున్న శ్రీలత భర్త శ్యాం, పేపరు వెనక నవ్వాడు. తల్లి చూసింది. నవ్వు మానేశాడు. పేపరు పాతది. కొత్త పేపరు రెండు రోజులుగా రాలేదు.

గడప మీద కూర్చున్న శ్రీలత కొడుకు రాజేందర్, చెప్పులు వేసుకుంటూ అన్నాడు — "జర ఆగు బాపమ్మా. అమ్మ రోబో గూడ సమ్మెల ఉన్నది."



చాటలో ఇనుము ఒకసారి కదిలింది.

&nbsp;

ఆ ఏడు సకల జనుల సమ్మె. అన్నీ ఆగిపోయాయి.

బస్సులు డిపోల్లో ఆగిపోయాయి. వాటి అద్దాల మీద దుమ్ము, దుమ్ము మీద ఎవరో వేలితో రాసిన జై తెలంగాణ. మహబూబాబాద్‌లో శ్రీలత సైన్స్ చెప్పే ప్రైవేటు బడి ఆగిపోయింది. రాజేందర్ ఇంటర్ కాలేజీ, హాస్టలు ఆగిపోయాయి. మార్కెట్ యార్డు బయట లారీలు, తాళ్ళు విప్పకుండానే, ఆగిపోయాయి. రైళ్ళు ఆగి ఆగి నడిచాయి. నడిచి నడిచి ఆగాయి.

భూపాలపల్లిలో బొగ్గు ఆగిపోయింది.

బొగ్గుతో పాటు శ్యాం ఆగాడు. ఆగి, ఇంటికి వచ్చాడు. గనిలో ఫిట్టరు అతను. ఏళ్ళ తరబడి సెలవుకు వచ్చి, సెలవు అయిపోగానే పోయే మనిషి. ఇప్పుడు పోవడం లేదు. ఇంట్లో ప్రతి గదిలోనూ తగులుతున్నాడు.

గనులు బందయ్యాక కరెంటు పోవడం ఎక్కువైంది. ఫ్యాను ఆగినప్పుడల్లా లచ్చవ్వ కొడుకు వైపు చూసేది. "నువ్వు ఇంట్ల కూసుంటివి. నిన్ను జూసి గది గూడ కూసున్నది," అనేది.

అన్నీ ఆగాయి.

శ్రీలత కాళ్ళు ఆగలేదు.

వంటింట్లోంచి వసారాలోకి. వసారాలోంచి వాకిట్లోకి. వాకిట్లో ఏమీ లేదని మళ్ళీ లోపలికి. ఆరేసిన బట్టలు ఆరకముందే తీసి, తడిగా ఉన్నాయని మళ్ళీ ఆరేసింది. కూర్చుంటే లేవాలనిపించింది. లేస్తే ఎందుకు లేచానో గుర్తు రాలేదు. కాలుగాలిన పిల్లి లెక్క ఎందుకు తిరుగుతున్నవ్ అని అత్త అడిగితే, ఊరికే, అంది.

ఊరికే కాదు.

ఆమె లోపల ఒక మాట ఉంది. దానికి కాళ్ళు రాలేదు.

&nbsp;

సమ్మెకు ముందు, వానలు మొదలైనప్పుడు, జనగామ నుంచి సుజాత ఫోను చేసింది.

డిగ్రీలో ఒకే బెంచీ మీద కూర్చున్న సుజాత. పెళ్ళి చేసుకోనని చెప్పి, చేసుకోకుండానే ఉన్న సుజాత. జనగామలో ఒక బడి పైఅంతస్తులో పెద్ద గది దొరికిందట. పుస్తకాలు కాదు, బొమ్మల పెట్టెలతో పిల్లలకు సైన్స్ నేర్పే గది పెడుతుందట. బొక్కలు పెట్టిన ఇనుప పట్టీలు నట్లతో బిగించి పిల్లలే క్రేన్లు చేయాలి, తక్కెడలు చేయాలి. చేతులతో చేసి, చెడగొట్టి, మళ్ళీ చేయాలి.

రోజూ ఉండి నేర్పే మనిషి కావాలి. నువ్వు రా, అంది.

తర్వాత ఒక మాట అంది. వచ్చేటప్పుడు నీ చేతులతో చేసినది ఒకటి తీసుకురా. క్రేను వద్దు, బండి వద్దు. రెండు కాళ్ళ మీద నడిచేది. అది చూస్తే పిల్లలు గది వదిలిపెట్టరు.

శ్రీలత అటక మీదికి ఎక్కింది. రాజేందర్ చిన్నప్పుడు ఆడి వదిలేసిన పెట్టె అక్కడే ఉంది — ఎర్ర పట్టీలు, ఆకుపచ్చ పట్టీలు, వరసగా బొక్కలు, మూత మీద ఎలుక కొరికిన క్రేను బొమ్మ. మరో పెట్టె సుజాత పంపింది. అందులో చిన్న మోటారు, సెల్లుల డబ్బా. ఆ రెండు పెట్టెలూ కలిపి చాటలో పోసింది.

ఆ రోజు నుంచి చాట ఆమెది.

ఎందుకు చేస్తున్నావని ఇంట్లో అడిగితే, బడి కోసం, అంది.

ఏ బడో అనలేదు.

ఎందుకంటే అదే వానల్లో శ్యాంకు భూపాలపల్లిలో క్వార్టర్ వచ్చింది. ఎన్నో ఏళ్ళు ఎదురుచూసిన క్వార్టర్. రెండు గదులు, వంటిల్లు, వెనక జాగా, నల్లా. ఇన్నేళ్ళూ అతను ఒక రేకుల గదిలో ఇంకో ఇద్దరితో కలిసి ఉన్నాడు. షిఫ్టు దిగి వచ్చి, చల్లారిన అన్నం తిన్నాడు. ఒంటి మీది బొగ్గు కడుక్కుని, ఎవరితోనూ మాట్లాడకుండా పడుకున్నాడు. కొడుకు నడక నేర్చింది అతను చూడలేదు. ఫోనులో విన్నాడు.

సమ్మె అయిపోగానే అందరం పోదాం, అన్నాడు. అమ్మ గూడ. ఇగ ఒక్క తాన ఉందాం.

ఆ మాట అనేటప్పుడు అతని గొంతు ఎలా ఉంటుందో శ్రీలతకు తెలుసు. అందుకే జనగామ మాట బయటికి రాలేదు. పైగా జనగామ పక్కనే ఆమె పుట్టిన పల్లె. అక్కడికి పోతానంటే వాడకట్టు ఏమంటుందో కూడా తెలుసు. ముందుకు పొమ్మంటే వెనక్కి పోయింది అంటారు.

సమ్మె అయినంక చూద్దాం, అంటూ వచ్చింది.

సమ్మె అయిపోతే బస్సులు కదులుతాయి. బస్సు కదిలితే ఎక్కాలి. ఎక్కితే — ఏ బస్సు?

ఇది నడిస్తే చెప్తాను, అనుకుంది.

అది నడవలేదు.

&nbsp;

నిలబడేది. చక్కగా నిలబడేది.

జానెడు ఎత్తు. రెండు కాళ్ళు, రెండు పాదాలు, నడుము దగ్గర మోటారు, పైన సెల్లుల డబ్బా. ఎదురుగా చూస్తున్నట్టు ఉండాలని రెండు ఎర్ర చక్రాలు కళ్ళలాగా బిగించింది. మీట నొక్కితే కుడి కాలు లేచేది —

పడిపోయేది.

ఎడమ కాలు ముందు లేచేట్టు మార్చింది. ఎడమ కాలు లేచేది... పడిపోయేది.

పాదాలు వెడల్పు చేసింది. అప్పుడు పడలేదు. కదలనూ లేదు. ఉన్న చోటే రెండు పాదాలూ నేలను గీరాయి, నిద్రలో కాళ్ళాడించే బిడ్డలాగా.

ఊరి చివర, చెరువు కింది పొలాల దగ్గర, ఒక పొద్దున ఆమె కొంగను చూసింది. గట్టు పక్కన, నీళ్ళలో, ఒంటి కాలి మీద తెల్ల కొంగ. ఎంతసేపు చూసినా అలాగే. ఒళ్ళంతా ఆ ఒక్క కాలి మీదికి తెచ్చి పెట్టుకుంది. అప్పుడు గానీ రెండో కాలు లేవలేదు.

కాలు ఎత్తడం కాదు ముందు.

ఒరగడం ముందు.

ఒరిగితే పడిపోతామన్న భయం ఉంటే కాలు లేవదు. శ్రీలత గట్టు మీద నిలబడి తన కాళ్ళ వైపు చూసుకుంది. మనిషి ఎట్లా నడుస్తాడు? పుట్టి ఇన్నేళ్ళయింది, రోజూ నడుస్తూనే ఉంది. తెలియదు. చూద్దామని నడిస్తే, చూసేలోపే అడుగు అయిపోతుంది.

మెల్లగా నడవాలి. అడుగు అచ్చు పడాలి. అచ్చు ఎక్కడ లోతుగా ఉంటే బరువు అక్కడ ఉన్నట్టు.

మెల్లగా, అచ్చు పడేటట్టు — అంటే బురదలో.

ఇంటికి వచ్చి, పెరట్లో నల్లా కింద మన్ను తడిపింది. జామచెట్టు దాకా తడిపింది. కాళ్ళతో తొక్కి మెత్తగా చేసింది. అత్తను పిలిచింది. జర ఈ బురదల నడిచి చూపియ్యి అత్తమ్మా, నీ కాళ్ళు చూస్త.

ఎట్లా నడవాలి అంది లచ్చవ్వ.

ఎప్పుడూ నడిచేటట్టే.

లచ్చవ్వ కోడలి నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. జ్వరం లేదు. చీర మోకాళ్ళ పైకి దోపుకుంది. జామచెట్టు దగ్గర బురదలోకి దిగింది. దిగగానే ఆమె నడుము దానంతట అదే వంగింది. నడిచింది. జామచెట్టు దగ్గర మొదలై నల్లా దాకా. చూపు మాత్రం చెట్టు మొదలు మీదే ఉంది.

శ్రీలత నేల మీద చతికిలబడి, మోకాలి మీద గదువ ఆనించి, పాదాలు మాత్రమే చూసింది.

ముందు తుంటి ఒరిగింది. ఒళ్ళంతా ఒక కాలి మీదికి వచ్చింది. అప్పుడు రెండో మడమ నిటారుగా, తొందర లేకుండా, బురదను పలకరించినట్టు లేచింది. కాస్త పైకి. జరిగి, మెత్తగా దిగింది. మళ్ళీ తుంటి ఒరిగింది...

చిన్నప్పుడు జనగామ పక్క పల్లెలో, బావి కింది మడుల్లో, తన తల్లి పాదాలు కూడా ఇట్లాగే లేచేవి. ఆ పక్కనే తన చిన్న పాదాలు. నారు కట్ట, వంగిన నడుములు, నీళ్ళలో ఆకాశం. ఆ నడక ఆమె ఒంటికి తెలుసు. తెలుసు కాబట్టి అందులో వింత ఏమీ కనిపించలేదు.

ఉన్నది ఉన్నట్టు ఇనుములోకి దింపడానికి కూర్చుంది.

&nbsp;

సెల్లుల డబ్బాను నడుముకు గట్టిగా బిగించకుండా, ఊగేటట్టు వేలాడదీసింది. మోటారు తిరిగితే ముందు డబ్బా ఒక పక్కకు ఒరుగుతుంది. ఆ తర్వాతే రెండో పక్క కాలు లేస్తుంది. చంకలో బిడ్డను ఒక తుంటి మీది నుంచి ఇంకో తుంటి మీదికి మార్చుకునే తల్లిలాగా.

పాదం దిగేటప్పుడు నేలను తన్నకూడదు. అందుకు పాదం రేకు మడమ పక్క కొంచెం పైకి వంగి ఉండాలి. చేత్తో వంచబోతే రేకు వంగలేదు. వేలు తెగింది.

శ్యాం మంచం మీంచి లేచి వచ్చాడు. తన కటింగ్ ప్లేయర్ తెచ్చుకున్నాడు. ఎంత వంచాలె అని మాత్రం అడిగాడు. ఆమె వేలితో చూపించింది. అతను వంచాడు. రెండు పాదాలూ ఒక్క తీరుగా, గీత గీసినట్టు. గనిలో పని ఆగినప్పటి నుంచి అతని చేతులు ఏదో ఒకటి పట్టుకోవాలని చూస్తున్నాయి. ఇప్పుడు దొరికింది. ఆ తర్వాత రోజూ వచ్చి పక్కన కూర్చున్నాడు. వదులైన నట్లు బిగించాడు. మోటారు మీద ఒక నూనె చుక్క వేశాడు.

వాళ్ళిద్దరూ అంతసేపు పక్క పక్కన కూర్చోవడం... ఎప్పటి మాటో.

"క్వార్టర్ల టీవీ పక్కపొంటి పెడుదాం దీన్ని," అన్నాడు ఒక రోజు. "వచ్చినోళ్ళకు నడిపిచ్చి చూపెట్టొచ్చు."

శ్రీలత తల ఎత్తలేదు. చాటలో చెయ్యి పెట్టి, అక్కరలేని నట్టు కోసం వెతికింది.

జనగామ పోవడానికి ఆమె చేస్తున్న పాదాలను, అతను వంచి ఇస్తున్నాడు.

చెప్పాలి. చెప్పాలి. ఇది నడిస్తే చెప్పాలి...

దానికి ఒక్క నట్టు తక్కువైంది. ఊగే డబ్బాను పట్టి ఉంచే నట్టు. చాట అంతా చెరిగింది, పెట్టెలు దులిపింది. అది అత్త పంటి కింద పడింది. ఇప్పుడు దేవుడి గూట్లో ఉంది. ఇవ్వమని అడిగితే, ముందు నా చాట ఇయ్యి, అప్పుడు చూద్దాం, అంది లచ్చవ్వ.

నట్టు లేక, ఆ చోట దారం కట్టింది శ్రీలత. ఎర్ర దారం. ప్రస్తుతానికి అది పట్టింది.

&nbsp;

అది ఇవాళ నడిచింది.

రాజేందర్ చెప్పులు వేసుకుని గడప దాటబోతున్నాడు. లచ్చవ్వ చాట కోసం చెయ్యి చాచి అలాగే ఉంది. కరెంటు లేదు. ఫ్యాను లేదు. వీధిలో మైకు కూడా ఆగింది. దూరంగా స్టేషనులో ఏ బండీ లేదు.

ఆ నిశ్శబ్దంలో శ్రీలత దాన్ని వసారా బండల మీద నిలబెట్టింది. మీట నొక్కింది.

డబ్బా ఒరిగింది.

కాలు లేచింది.

పడలేదు.

ఆ కాలు దిగింది. డబ్బా రెండో పక్కకు ఒరిగింది. రెండో కాలు లేచింది... దిగింది... మళ్ళీ మొదటి కాలు. టిక్కు — టక్కు. టిక్కు — టక్కు. జానెడు మనిషి. తడబడుతూ, ఒరుగుతూ, ఒరిగినప్పుడల్లా పడిపోతానేమో అనిపిస్తూ, పడకుండా.

శ్రీలత నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

అందరికంటే ముందు రాజేందర్‌కు అర్థమైంది. గడప మీదే కూలబడి నవ్వాడు.

"అమ్మా — గది వెనుకకు పోతున్నదే!"

అవును. ఎర్ర చక్రాల కళ్ళు వీళ్ళ వైపే ఉన్నాయి. ఒళ్ళు మాత్రం వీళ్ళకు దూరంగా జరుగుతోంది. అడుగు అడుగూ వెనక్కి.

శ్యాం వంగి, సెల్లులు తీసి తిరగేసి వేశాడు. మోటారు ఎదురు తిరిగింది. ముందుకు ఒక్క అడుగు వేసిందో లేదో, వంపు లేని మునివేళ్ళ పక్క రేకు బండ సందులో తట్టుకుని, బోర్లా పడింది. లేపి నిలబెట్టాడు. మళ్ళీ పడింది. ముందుకయితే పడుతుంది. వెనక్కయితే నడుస్తుంది. మడమ పక్క వంచమన్నది ఎవరు? శ్రీలత. ఆమెకు చూపించింది ఎవరు?

శ్రీలత మెల్లగా అత్త వైపు చూసింది.

లచ్చవ్వ తన కాళ్ళ వైపు చూసుకుంటోంది.

పెరట్లో ఆ బురద ఎప్పుడో ఎండిపోయింది. అచ్చులు ఇంకా ఉన్నాయి. శ్రీలత లేచి పోయి చూసింది. జామచెట్టు దగ్గర మొదలై, నల్లా దాకా. అన్ని అచ్చుల వేళ్ళూ చెట్టు వైపే ఉన్నాయి. మడమలు నల్లా వైపు.

బురదలోకి దిగమంటే, ఆమె నాటు వేసినట్టే నడిచింది. బతుకంతా నడిచిన తీరుగా... వెనక్కి. అది చూసిన కోడలికి కూడా అనుమానం రాలేదు. ఇద్దరికీ బురదలో నడక అంటే అదే. ఇంకో నడక ఉంటుందని ఇద్దరికీ తోచలేదు.

వసారాలోకి తిరిగి వచ్చి చెప్పింది. చెప్పేటప్పటికే నవ్వు వచ్చింది. రాజేందర్ ఇంకా నవ్వుతున్నాడు. శ్యాం నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకున్నాడు. ఇగ మంచిగ చేసినవ్ అమ్మా, ఇనుముతోని గూడ నాట్లు వేపిస్తవ్, అన్నాడు తల్లితో.

లచ్చవ్వ నవ్వలేదు. బోర్లా పడి ఉన్న దాన్ని లేపింది. మొదటిసారి దాన్ని ముట్టుకుంది. మడమల వంపు వేలితో తడిమింది.

"నవ్వుతె నవ్వుండ్రి," అంది. "మేం గిట్లనే నడిచినం. గిట్ల నడిస్తేనే నాటింది తొక్కం. పోయిన కొద్ది మడి కండ్ల ముంగటనే పచ్చగైతది. ముంగటికి మొకం పెట్టి నడిచినోడు ఏం జూస్తడు — ఉత్త బురద."

నవ్వులు ఆగాయి.

మాట పెద్దదని ఆమె అనుకోలేదు. దాన్ని కింద పెట్టి, ఇగ చాట ఇయ్యి, అంది.

&nbsp;

శ్యాం కటింగ్ ప్లేయర్ అందుకున్నాడు. పని చిన్నదే, అన్నాడు. మడమ పక్క వంపు తీసి మునివేళ్ళ పక్క వేస్తే చాలు. రేపటికి ముందుకే నడుస్తుంది. సమ్మె ముగిసేలోపు బాగయితే, క్వార్టరుకు దీన్ని చేతిలో పట్టుకుని పోవచ్చు. ముందుగా పాలు పొంగించడం అదే చూస్తుంది.

అతని చెయ్యి పాదం మీదికి వచ్చింది.

"వంచకుండ్రి," అంది శ్రీలత.

గొంతు పెంచలేదు. అతని చెయ్యి ఆగింది.

ఆమె కాళ్ళు కూడా ఆగాయి. ఎన్ని రోజుల తర్వాతో... వంటింటికీ వాకిలికీ నడుమ, వసారాలో, ఒక్క చోట నిలబడింది. ఒళ్ళంతా ఒక కాలి మీదికి వచ్చింది. పడిపోతాననిపించింది.

"అది గట్లనే ఉండనియ్యుండ్రి. జనగామల మా సుజాత, పిల్లలకు సైన్స్ నేర్పెటందుకు ఒక గది పెట్టింది. దాని కోసమే చేసిన దీన్ని." ఊపిరి తీసుకుంది. భర్త ముఖం చూడలేక కొడుకు వైపు తిరిగి, కొడుకుతో చెప్పింది, అందరికీ వినబడేటట్టు. "బస్సులు తిరిగినంక నేను జనగామ పోత, రాజూ. మీ బాపు ఇన్నేండ్లు పోయొచ్చినట్టే. ఆడ పని చేస్త. ఆదివారం ఆదివారం మీరేడుంటె ఆడికి వస్త. కేసముద్రమైతె కేసముద్రం. భూపాలపల్లైతె భూపాలపల్లి."

అంతే.

రాజేందర్ ఒక చెప్పు విప్పాడు. రెండోది విప్పలేదు.

శ్యాం కటింగ్ ప్లేయర్ మూసి, తెరిచి, మూశాడు. అతని ముఖంలో కోపం కోసం చూసింది శ్రీలత. కోపమైతే తేలిక. అక్కడ ఉన్నది కోపం కాదు. రేకుల గదిలో, చల్లారిన అన్నం ముందు ఒక్కడే కూర్చున్నప్పుడు ఈ ముఖమే ఉండి ఉంటుంది. ఆమె చూడని ముఖం. ఫోనులో వినిపించని ముఖం.

అతను కటింగ్ ప్లేయర్ పక్కన పెట్టాడు. సెల్లులు మళ్ళీ తిరగేసి వేశాడు. ముందు ఉన్నట్టే. దాన్ని బండల మీద నిలబెట్టాడు.

మీట మాత్రం నొక్కలేదు.

శ్రీలత వంగి నొక్కింది.

డబ్బా ఒరిగింది. కాలు లేచింది. టిక్కు — టక్కు. టిక్కు — టక్కు. ఎర్ర దారం ఊగుతోంది. జానెడు మనిషి గడప వైపు పోతోంది. కళ్ళు మాత్రం ఇంట్లో వాళ్ళ మీదే ఉన్నాయి — మంచం మీద, పొయ్యి మీద, బియ్యం సంచి మీద, మనుషుల మీద. పోయిన కొద్దీ ఇల్లంతా దాని కళ్ళ ముందే.

ఎవరూ దాన్ని ఆపలేదు.

లచ్చవ్వ లేచింది. కోడలు లేచినప్పుడు కింద పెట్టిన చాటను తీసుకుంది. అందులోని ఇనుమంతా పెట్టెలో వంపింది. చాటను బోర్లించి, అరచేత్తో తట్టి తట్టి దులిపింది. కొంగుతో తుడిచింది. పోతూ పోతూ గూటి దగ్గర ఆగింది.

తిరిగి వచ్చి కోడలి చేతిలో ఏదో పెట్టి, వేళ్ళు ముడిచింది.

చిన్నది. చల్లనిది. ఇనుము.

"దారం ఎన్నొద్దులు ఆగుతది," అంది. "తోవల ఊడితె బిగిచ్చుకో."

కొడుకు వైపు చూడలేదు. గోడ పక్కన కూర్చుని, సంచి మూతి విప్పింది.

దూరంగా ఏదో చప్పుడైనట్టు అనిపించింది. బస్సేమో... కాదు. ఉరుమేమో... కాదు. ఏమీ కాదు.

టిక్కు — టక్కు. గడప దగ్గర పడింది.

శ్యాం లేవబోయాడు. ఆగాడు. మళ్ళీ లేవబోయాడు...

చాటలో బియ్యం కదిలే చప్పుడు.

ఎండిన కందుల మీద కాదు, తడి మడి మీద వాన పడ్డట్టు... ఆగి, మళ్ళీ పడ్డట్టు.